ఇండోర్ సైకిల్ ట్రైనర్: ముందు చక్రం కింద ఎంత ఎత్తు?

సంపాదకులకు,
నమస్కారం.

ఎండాకాలంలో ఇంట్లోనే సైకిల్ తొక్కుకునే ట్రైనర్ల గురించి మీ ఆదివారం పేజీలో వేసిన వ్యాసం సమయానికి వచ్చింది. మే నెలలో పొద్దున ఏడు దాటాక బందరు రోడ్డు మీద సైకిల్ తొక్కమని ఎవరికీ చెప్పలేం. ట్రైనర్ రకాలు, ఫ్యాను అవసరం, నీళ్లు తాగడం, ఇవన్నీ బాగానే రాశారు. మధ్యలో ఒక్క వాక్యమే ఇబ్బంది పెట్టింది. ముందు చక్రం కింద ఒక ఇటుకో, రెండు లావుపాటి పుస్తకాలో పెట్టుకుంటే సరిపోతుందన్నారు. సరిపోదు. అలా పెట్టుకున్నవాళ్లకు నెల తిరక్కుండా అరచేతులు తిమ్మిరెక్కితే తప్పు సైకిల్‌దనుకుంటారు, లేదా తమ వయసుదనుకుంటారు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే. పొడుగెక్కువై కత్తెర వేయాల్సి వస్తే మిగతాది ఏం తీసేసినా, కొలతలున్న పేరాలు మాత్రం ఉంచమని మనవి.

తక్కువ ధరలో దొరికే ట్రైనర్లలో వెనక చక్రం ఊడదీయనక్కర్లేదు. ఇనుప కాళ్ల స్టాండు వెనక యాక్సిల్‌ను, అంటే చక్రం ఇరుసును, రెండు పక్కలా చిన్న గిన్నెల్లాంటి బిగింపులతో పట్టుకుంటుంది. టైరుకు వెనక నుంచి ఒక రోలర్ ఆనుతుంది. చక్రం నేలకు తగలకుండా తిరగాలి కాబట్టి దాన్ని పైకి లేపి పట్టుకుంటారు. మోడల్‌ను బట్టి ఆ ఎత్తు సుమారు 2 నుంచి 3 అంగుళాలు ఉంటుంది. ముందు చక్రం మాత్రం నేల మీదే ఉండిపోతుంది. రోడ్డు సైకిల్‌కు రెండు యాక్సిళ్ల మధ్య దూరం దాదాపు 1 మీటరు. వెనక 60 మిల్లీమీటర్లు లేచిందంటే బండి మొత్తం మూడున్నర డిగ్రీలు ముందుకు ఒరిగినట్టు. ఇంకోలా చెప్పాలంటే ప్రతి సెంటీమీటరు తేడాకూ అర డిగ్రీ పైచిలుకు వాలు వస్తుంది. సీటు ముక్కు ఒక డిగ్రీ, రెండు డిగ్రీలు దిగినా అలవాటున్నవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మూడున్నర డిగ్రీలంటే ఎవరికైనా తెలియాల్సిందే.

ఏం తెలుస్తుంది? కూర్చున్నవాళ్లు సీటు మీద నుంచి ముందుకు జారుతుంటారు. జారకుండా చేతులతో హ్యాండిల్‌ను తోస్తూ ఉంటారు. ఆ బరువంతా అరచేతి మడమ మీద పడి, చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కుతాయి. ఆ వేళ్లకు వెళ్లే నరం అక్కడే నలుగుతుంది. భుజాలు బిగుసుకుంటాయి, మెడ వెనక పట్టేస్తుంది. బయట రోడ్డు మీదైతే గతుకులకూ మలుపులకూ ఒళ్లు కదులుతుంది, సిగ్నల్ దగ్గర కాలు కింద పెడతాం. ట్రైనర్ మీద అలాంటి విరామం ఏదీ ఉండదు. గంటసేపు ఒకే భంగిమ. అందుకే రోడ్డు మీద పట్టించుకోని చిన్న తేడా ఇక్కడ నొప్పిగా మారుతుంది.

ఇక్కడే చాలామంది రెండో పొరపాటు చేస్తారు. చేతులు నొప్పెడుతున్నాయని సీటు ముక్కు పైకి ఎత్తుతారు, హ్యాండిల్ పైకి లేపుతారు, మెత్తటి గ్లౌజులు కొంటారు. ట్రైనర్ మీద కాస్త ఊరట దొరుకుతుంది. మళ్లీ ఆదివారం అదే సైకిల్‌తో మంగళగిరి వైపు బయలుదేరితే, చదునైన రోడ్డు మీద సీటు ముక్కు పైకి లేచి ఉంటుంది, తొడల మధ్య నొక్కుతుంది, నడుము లాగుతుంది. తేడా ఉన్నది ముందు చక్రం కింద. దాన్ని అక్కడే సరిచేయాలి. రోడ్డు మీద సరిగ్గా కుదిరిన సైకిల్‌కు ట్రైనర్ కోసం పానా పెట్టకూడదు.

ఎంత ఎత్తు కావాలన్నది పెట్టె మీద రాసి ఉండదు. కొలుచుకోవాల్సిందే. సైకిల్‌ను ట్రైనర్‌కు పూర్తిగా బిగించాక, వెనక యాక్సిల్ నడిమధ్య నుంచి నేలకు ఎంతుందో టేపుతో కొలవాలి. ముందు యాక్సిల్‌కూ అలాగే కొలవాలి. రెండింటి తేడాయే కావాల్సిన ఎత్తు. ఉదాహరణకు వెనక 395 మిల్లీమీటర్లు, ముందు 336 వచ్చాయనుకోండి. తేడా 59. చక్రం అడుగు నేల మీంచి 59 మిల్లీమీటర్లు లేవాలి. హ్యాండిల్‌నో సీటునో ఆనవాలుగా పెట్టుకుని కంటితో చూసి సరిపోయిందనుకోకండి. చాలా సైకిళ్లకు పై గొట్టమే ఏటవాలుగా ఉంటుంది, అది కంటిని మోసం చేస్తుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు షాక్ అబ్జార్బరున్నా ఈ కొలతకు అడ్డం కాదు, ఎందుకంటే ఫోర్కు ఎంత దిగినా యాక్సిల్ ఎత్తు మారదు.

అయితే టేపు కొలత నేల సమంగా ఉంటేనే నిజం చెబుతుంది. మన అపార్టుమెంట్లలో ట్రైనర్‌కు దక్కేది సాధారణంగా బాల్కనీ. బాల్కనీకి నీళ్లు పోవడానికి వాటం ఇస్తారు. మీటరుకు 1 సెంటీమీటరు వాటం ఉన్నా మన లెక్కలో అది అర డిగ్రీ పైమాటే. డాబా మీద షెడ్డులో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. ఇలాంటి చోట మేస్త్రీలు వాడే ట్యూబు లెవెల్ కంటే మంచి సాధనం లేదు. హార్డ్‌వేర్ కొట్లో సన్నటి పారదర్శక గొట్టం 2 మీటర్లు తెచ్చుకుని, గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపాలి. ఒక కొసను వెనక యాక్సిల్ దగ్గర పట్టుకుని, నీటి గీత యాక్సిల్ నడిమధ్యకు వచ్చేలా సర్దాలి. రెండో కొసను ముందు ఫోర్కు పక్కన పట్టుకుంటే అక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయో అక్కడ ఫోర్కు మీద టేపు ముక్క అంటించాలి. ఆ గుర్తుకూ ముందు యాక్సిల్‌కూ మధ్య నిలువు దూరమే కావాల్సిన ఎత్తు. నేల ఎటు వాలినా ఈ లెక్క తప్పదు. ఇద్దరు మనుషులుంటే ఐదు నిమిషాల పని.

సరిచూసుకోవడానికి ఇంకో మార్గముంది. సైకిల్‌ను ట్రైనర్‌కు ఎక్కించకముందే, సమంగా ఉన్న హాలు నేల మీద నిటారుగా నిలబెట్టి, సీటు మీద పొడవునా ఒక చదునైన స్కేలు పెట్టి, దాని మీద రసమట్టంతోనో ఫోనులోని కోణం చూపే యాప్‌తోనో సీటు వాలు చూసి రాసుకోండి. ట్రైనర్ మీద ముందు చక్రం లేపాక అదే అంకె రావాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయితే వదిలేయొచ్చు.

ఒకే ట్రైనర్ మీద ఇంట్లో ఇద్దరు రెండు సైకిళ్లు తొక్కేచోట అసలు తిరకాసు వస్తుంది. ట్రైనర్ బిగింపులు వెనక యాక్సిల్‌ను ఒకే ఎత్తున పట్టుకుంటాయి. చక్రం పెద్దదైనా చిన్నదైనా రోలర్‌నే ముందుకూ వెనక్కూ జరుపుతాం. కాబట్టి ముందు చక్రం చిన్నదయ్యే కొద్దీ కింద ఎత్తు ఎక్కువ కావాలి. పై ఉదాహరణలో 395 ఎత్తున్న ట్రైనర్‌నే తీసుకుంటే, 25 మిల్లీమీటర్ల టైరున్న 700 సైజు (రోడ్డు సైకిళ్లకు మామూలుగా ఉండే) చక్రానికి 59 కావాలి. 26 అంగుళాల చక్రం, రెండంగుళాలకు కాస్త తక్కువ టైరైతే దాదాపు 65. 29 అంగుళాల కొండ సైకిల్‌కు లావు టైరు వేస్తే 28, 30కి మించదు. ముందు చక్రం కింద పెట్టే దిమ్మ నాన్న రోడ్డు సైకిల్‌కు సరిపోయిందని, దాన్నే కొడుకు 29 అంగుళాల సైకిల్ కింద పెడితే 3 సెంటీమీటర్లు ఎక్కువై సీటు ముక్కు గాల్లోకి లేస్తుంది. ఇంటికి ఒక దిమ్మ కాదు, సైకిల్‌కు ఒక దిమ్మ.

ఇప్పుడు ఇటుక సంగతి. చేతి ఇటుకైనా, ఇబ్రహీంపట్నం బూడిదతో చేసిన ఇటుకైనా పడుకోబెడితే మందం 3 అంగుళాల ప్రాంతం, అంటే 75 మిల్లీమీటర్లు. 70 కావాల్సిన ట్రైనర్‌కు అది కాకతాళీయంగా సరిపోతుంది. 45 కావాల్సినదానికి 3 సెంటీమీటర్లు ఎక్కువ. కానీ ఎత్తు కంటే పెద్ద లోపం మరొకటుంది. ఇటుకకు గాడి లేదు. ముందు చక్రం కింద పెట్టేది చేయాల్సిన పనులు రెండు. చక్రాన్ని లేపడం ఒకటి, పక్కకు తిరగకుండా పట్టడం రెండోది. వెనక భాగం ట్రైనర్‌లో గట్టిగా బిగిసి ఉంటుంది, ముందు మాత్రం హ్యాండిల్ స్వేచ్ఛగా తిరుగుతుంది. తువ్వాలు అందుకోబోతేనో, పెడల్ మీద లేచి నిలబడితేనో హ్యాండిల్ ఒక పక్కకు తిరుగుతుంది. గాడి లేకపోతే చక్రం 4 అంగుళాల వెడల్పు ఇటుక అంచు దాటి కిందికి దిగుతుంది. మూడంగుళాలు ఒక్కసారిగా పడితే మనిషి బరువు చేతుల మీదికి, అక్కణ్ణుంచి వెనక బిగింపు మీదికి పోతుంది. యాక్సిల్ బిగింపు వదులుగా ఉంటే ఆ కుదుపుకు జారి బయటికి వచ్చేయొచ్చు. పుస్తకాలైతే అట్ట మీద అట్ట జారుతుంది, పైగా చెమటకు నానతాయి. ఇటుక గచ్చు మీద రాపిడికి పొడి రాలుస్తుంది, ఆ పొడి రోలర్‌కూ చెయిన్‌కూ చేరుతుంది.

అంగట్లో దొరికే దిమ్మలు ప్లాస్టిక్కుతో పోత పోసినవి. మధ్యలో చక్రం కూర్చునే గాడి ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చుకునేవీ ఉన్నాయి, ఒకే దిమ్మలో రెండు మూడు ఎత్తుల గాళ్లున్నవీ ఉన్నాయి. కొనేటప్పుడు దిమ్మ మొత్తం ఎత్తు చూడకండి. చూడాల్సింది గాడి అడుగు నేలకు ఎంత ఎత్తున ఉందన్నది. 100 మిల్లీమీటర్ల ఎత్తు కనిపించే దిమ్మలో గాడి లోతు 45 ఉంటే చక్రం లేచేది 55 మాత్రమే. టైరు వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. రోడ్డు సైకిల్ సన్న టైరు గాడి అడుగుదాకా దిగుతుంది. 2 అంగుళాల లావు టైరు గాడి పై అంచుల మీదే ఆగిపోతుంది, అప్పుడు అదే దిమ్మ 1 సెంటీమీటరు పైనే ఎక్కువ ఎత్తు ఇస్తుంది. అందుకని కొట్లోనే మీ చక్రం పెట్టి చూసుకోవాలి, లేదా ఇంటికి తెచ్చాక మళ్లీ యాక్సిళ్లు కొలవాలి. కాస్త తక్కువైతే దిమ్మ అడుగున రబ్బరు షీటు ముక్క వేస్తే చాలు. ఎక్కువైతే మాత్రం ట్రైనర్ కాళ్లన్నింటి కిందా సమానంగా అంతే మందం పలకలు వేయాలి.

వడ్రంగి చేత చేయించుకునేవాళ్లకు కొలతలు ఇస్తున్నాను. ఇవి 700 చక్రానికి, 25 మిల్లీమీటర్ల టైరుకు. అడుగుకు 400 మిల్లీమీటర్ల పొడవు, 250 వెడల్పున్న ప్లైవుడ్ ముక్కలు మూడు, 19 మిల్లీమీటర్ల మందంవి. కొట్లో 19 అని ఇచ్చేది కొలిస్తే 18 ఉండొచ్చు, ముందే చూసుకోండి. మూడూ ఫెవికాల్‌తో అంటించి, నాలుగు మూలలా కింద నుంచి స్క్రూలు బిగిస్తే 57 మిల్లీమీటర్ల పీఠం వస్తుంది. అడుగున 2, 3 మిల్లీమీటర్ల రబ్బరు షీటు అంటిస్తే మనకు కావాల్సిన 59, 60 తేలుతుంది. ఆటోనగర్‌లో రబ్బరు షీటు ముక్కలుగా కోసి ఇస్తారు, లేదంటే పాత లారీ ట్యూబు కోసుకున్నా చాలు. మీ కొలత వేరైతే పొరల సంఖ్య మార్చుకోండి.

పీఠం మీద పొడవునా రెండు చెక్క బద్దలు బిగించాలి. ఒక్కోటి 240 పొడవు, 40 ఎత్తు, 40 మందం. వాటి మధ్య సందు టైరు వెడల్పు కంటే 4, 5 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే 25 టైరుకు 30. అంతకంటే బిగుతుగా పెట్టకండి. వెనక భాగం ఎలాగూ కదలదు. ముందు చక్రాన్ని కూడా పూర్తిగా బంధిస్తే, లేచి తొక్కేటప్పుడు ఊగే బలమంతా ఫ్రేములోకి మెలికగా పోతుంది. ఆ కాస్త సందు వల్ల చక్రం ఒక డిగ్రీ అటూ ఇటూ ఆడుతుంది, అది చాలు. బద్దలు 40 కంటే ఎత్తు పెంచితే స్పోకులకు తగిలే ప్రమాదముంది. బద్దల లోపలి ముఖాలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటిస్తే రిమ్ము గీసుకుపోదు.

ఇక చక్రం ముందుకూ వెనక్కూ దొర్లకుండా, బద్దల మధ్య సందులో అడ్డంగా రెండు చిన్న ముక్కలు, 19 ఎత్తువి, ఒకటి టైరుకు ముందు, ఒకటి వెనక బిగించాలి. వాటి లోపలి అంచుల మధ్య దూరం 22 సెంటీమీటర్లు. ఈ అంకె ఊహించి చెప్పింది కాదు. 336 వ్యాసార్ధమున్న చక్రం నేల నుంచి 19 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్న చోట, మధ్య నుంచి 11 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 22 పెడితే టైరు రెండు ముక్కలకూ అంటీ అంటనట్టు ఆనుతుంది, అడుగు పీఠం మీదే నిలుస్తుంది. 15 సెంటీమీటర్ల దూరంలో పెడితే చక్రం ముక్కల మీదే ఎక్కి కూర్చుంటుంది, ఎత్తు లెక్క 1 సెంటీమీటరు తప్పుతుంది. చాలామంది వడ్రంగులు చూపుతో సందు పెడతారు, అక్కడే పోతుంది. కాగితం మీద గీసి ఇవ్వండి.

చెక్కకు రెండు పూతలు వార్నిష్ వేయించండి. కారే చెమటకు పూత లేని ప్లైవుడ్ అంచులు ఉబ్బుతాయి.

వెనక చక్రం ఊడదీసి చెయిన్‌ను నేరుగా ట్రైనర్ గేర్ల మీద వేసే ఖరీదైన రకం ఉంది కదా, దాని కథ వేరు. అవి చాలావరకు 700 చక్రం ఎత్తుకు యాక్సిల్ ఉండేలా చేసినవే. కాబట్టి వాటికి ముందు చక్రం లేపనక్కర్లేదు. దిమ్మ పెడితే చక్రం తిరగకుండా పట్టడానికి మాత్రమే, అదీ గాడి అడుగు నేలకు ఆనినంత పల్చటిది. పాత ట్రైనర్ దిమ్మను దీనికీ పెట్టేసి సీటు ముక్కు లేపుకునేవాళ్లున్నారు. 29 అంగుళాల లావు టైరు సైకిల్‌ను ఇలాంటి ట్రైనర్‌కు ఎక్కిస్తే సమస్య తలకిందులవుతుంది. ముందు యాక్సిల్ 36 సెంటీమీటర్లు దాటి ఉంటుంది, వెనకది దానికంటే సుమారు 3 సెంటీమీటర్లు కిందికి పోతుంది. అప్పుడు లేపాల్సింది ట్రైనర్‌ను. చక్రం సైజును బట్టి కాళ్ల ఎత్తు మార్చుకునే మోడల్ అయితే అక్కడే మార్చాలి, లేకపోతే మొత్తం ట్రైనర్ కిందికి గట్టి పలక వేయాలి. డిస్కు బ్రేకు సైకిల్ అయితే, ఊడదీసిన వెనక చక్రం స్థానంలో బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టడం మరిచిపోకండి. చక్రం లేకుండా లీవరు నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి.

మామూలు సైకిళ్ల గురించి రెండు ముక్కలు. వాటి వెనక యాక్సిల్‌కు రెండు పక్కలా నట్లుంటాయి. ట్రైనర్ గిన్నె బిగింపు ఆ నట్టును పట్టుకోగలిగేదేనా, లేక వేరే అడాప్టర్ కావాలా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. సగం పట్టిన నట్టు తొక్కుతుంటే జారుతుంది. స్టాండు, క్యారియర్ కాళ్లు యాక్సిల్ దగ్గరే ఉంటాయి కాబట్టి వాటిని ఊడదీయక తప్పదు. క్విక్ రిలీజ్ (పానా లేకుండా లీవరు తిప్పి చక్రం ఊడదీసే కడ్డీ) ఉన్న సైకిల్‌కైతే ట్రైనర్‌తో వచ్చిన ఉక్కు కడ్డీనే వాడాలి. సైకిల్‌తో వచ్చిన కడ్డీ కొసలు గిన్నెలో కుదురుగా కూర్చోవు, తేలికపాటి అల్యూమినియం కొసలైతే నలుగుతాయి. కార్బన్ ఫ్రేమైతే ట్రైనర్‌కు బిగించడాన్ని తయారీదారు ఒప్పుకుంటున్నాడో లేదో వారంటీ కాగితంలో చదవాలి.

బిగించే వరుస కూడా ముఖ్యమే. మొదట చాప పరవాలి. అది ట్రైనర్ కిందా దిమ్మ కిందా ఒకటే అయి ఉండాలి. ట్రైనర్ కింద మాత్రమే చాప వేసి, దిమ్మను ఉత్త టైల్స్ మీద పెడితే చాప మందం కూడా తేడాకు కలుస్తుంది. యోగా మ్యాట్ పనికిరాదు, ట్రైనర్ కాళ్ల కింద ఒకలా, దిమ్మ కింద ఒకలా అణుగుతుంది. గట్టి రబ్బరు మ్యాట్ కావాలి. తర్వాత వెనక టైరుకు గాలి, టైరు పక్కన రాసిన పరిమితి దాటకుండా, ఎప్పుడూ ఒకే ఒత్తిడికి కొట్టాలి. అప్పుడు యాక్సిల్ బిగించి, సీటు పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపి చూడాలి. రోలర్‌ను టైరుకు తాకించాక ఇంకా ఎన్ని చుట్లు బిగించాలో ట్రైనర్ పుస్తకంలో ఉంటుంది, సాధారణంగా రెండు మూడు చుట్లు. తక్కువైతే జోరుగా తొక్కినప్పుడు టైరు జారి కిచకిచమంటుంది. ఎక్కువైతే టైరు వేడెక్కి నల్లపొడి రాలుస్తుంది. ముందు చక్రం పని ఆఖరున. హ్యాండిల్ ఎత్తి, దిమ్మను కిందికి తోసి, చక్రాన్ని నిటారుగా దించాలి. వాల్వు పై వైపు ఉండేలా చక్రం తిప్పిపెడితే తర్వాత గాలి కొట్టుకోవడం సులువు. ముందు టైరులో గాలి తగ్గినా అది అణిగి ఎత్తు తగ్గుతుంది, కాబట్టి దాన్నీ చూస్తుండాలి. ఐదు నిమిషాలు నెమ్మదిగా తొక్కి, దిగి, వెనక బిగింపు మరోసారి చూసుకోవాలి. సైకిల్ పడకుండా కాపాడేది వెనక బిగింపే. దాని వదులును ముందు దిమ్మ సరిచేయలేదు.

దిమ్మ ఎత్తు పెంచితే కొండ ఎక్కినట్టుంటుందని కొందరు రెండు మూడు దిమ్మలు పేరుస్తారు. సమం చేశాక పైన ఇంకో 5 సెంటీమీటర్లు వేస్తే, మీటరు పొడవు సైకిల్‌కు 5 శాతం వాలు భంగిమ వస్తుంది. 10 సెంటీమీటర్లైతే 10 శాతం. కొండపల్లి కోట రోడ్డుకో, కోటప్పకొండకో సిద్ధమయ్యేవాళ్లు నడుముకు ఆ భంగిమ అలవాటు చేసుకోవడానికి పది, పదిహేను నిమిషాలు అలా తొక్కొచ్చు. కానీ ఎత్తు పెంచినంత మాత్రాన పెడల్ బరువెక్కదు. బరువు గేరు నుంచో, ట్రైనర్ నిరోధం నుంచో రావాలి. పేర్చిన దిమ్మలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే రకం కాకపోతే ఆ ప్రయోగం మానేయడమే మేలు.

కొన్నాళ్లు వాడాక వచ్చే ఇబ్బంది ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. మన కృష్ణాతీరపు ఉక్కలో చెమట తుడిచినా ఆగదు. అది హ్యాండిల్ మీంచి కారి ఫోర్కు పైన ఉండే బేరింగులో దిగుతుంది. రోడ్డు మీద హ్యాండిల్ తిరుగుతుంటుంది కాబట్టి గ్రీజు కదులుతుంది. ఇక్కడ చక్రం దిమ్మలో కూర్చుంది, హ్యాండిల్ నెలల తరబడి నిటారుగానే ఉంటుంది. ఉప్పునీళ్లు అక్కడే నిలిచి తుప్పు పుట్టిస్తాయి. వారానికోసారి చక్రాన్ని దిమ్మ మీంచి తీసి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి చూడండి. మధ్యలో ఒకచోట టక్కున పట్టినట్టు ఆగితే బేరింగ్ గుంటలు పడి పాడైనట్టే, దాన్ని మార్పించాలి. తొక్కేటప్పుడు హ్యాండిల్ నుంచి సీటు దాకా ఒక పాత తువ్వాలు కప్పితే సగం సమస్య తీరుతుంది. తొక్కడం అయ్యాక తడిగుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. దిమ్మ గాడిలో నిలిచిన చెమటను కూడా.

కింది ఫ్లోరువాళ్లు చప్పుడని ఫిర్యాదు చేస్తే అన్నిసార్లూ తప్పు రోలర్‌ది కాదు. గచ్చు మీద టకటక కొట్టుకునేది ఉత్త ప్లాస్టిక్ దిమ్మే కావొచ్చు. అడుగున రబ్బరు అంటించాక కూడా మోత తగ్గకపోతే అప్పుడు వెనక టైరు చూడండి. గుండీల టైరైతే రోలర్ మీద మోగడం దాని స్వభావం, నున్నటి టైరు వేసుకోవాల్సిందే.

పిల్లలున్న ఇళ్లలో ట్రైనర్‌ను నడవాలో పెట్టకండి. ముందు చక్రం కదలకుండా నిలబడి ఉండడం చూసి సైకిల్ ఆగి ఉందనుకుని పిల్లలు దగ్గరికి వస్తారు, వెనక చక్రం మాత్రం వేగంగా తిరుగుతుంటుంది. స్పోకుల్లో వేళ్లు పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తొక్కడం ఆపాక కూడా రోలరూ, దాని పక్కనున్న నిరోధపు డబ్బా కాసేపు కాలుతూనే ఉంటాయి.

ఆఖరుగా నగరంలోని సైకిల్ దుకాణదారులకు ఒక విన్నపం. ట్రైనర్ అమ్మేటప్పుడు దాని యాక్సిల్ ఎత్తు మిల్లీమీటర్లలో ఒక చీటీ మీద రాసి పెట్టెకు అంటించండి. కొన్నవాళ్లు తమ ముందు యాక్సిల్ ఎత్తు అందులోంచి తీసేసుకుంటే దిమ్మ ఎత్తు ఇంటికి వెళ్లకముందే తెలిసిపోతుంది. మీ పత్రిక కూడా వీలైతే వచ్చే ఆదివారం ఆ ఇటుక వాక్యానికి ఒక సవరణ వేయాలని, దాంతోపాటు రెండు యాక్సిళ్లూ కొలిచే బొమ్మ ఒకటి అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
సైకిళ్ల బిగింపు, మరమ్మతు పనివాడు,
గవర్నర్‌పేట, విజయవాడ.